ముట్టుకోకండి బాబోయ్!

అసలు విమానాలకి అచ్చుగుద్దినట్టు బుల్లి నమూనాలు చేసే మా స్కేల్ మోడల్ క్లబ్బు వార్షిక పోటీ అంటే నెల ముందు నుంచే నాకు నిద్ర ఉండదు. పేర్లివ్వండి మహాప్రభో అని వాట్సాప్‌లో ఎంత మొత్తుకున్నా ముగ్గురే పలుకుతారు. పోటీ రోజు పొద్దున మాత్రం పాతికమంది, రంగైనా ఆరని విమానాలతో దిగుతారు. 1/72వి, అంటే అసలు విమానంలో 72వ వంతు సైజువి, ఒక బల్ల మీద, 1/48వి ఇంకో బల్ల మీద అని పోయినేడు కూడా చెప్పానా? ఎవరికి గుర్తు!

ఇక చూడ్డానికొచ్చే జనం. "ముట్టుకోరాదు" అని అరచేతంత అక్షరాలతో రాసిపెట్టినా ఓ పెద్దాయన మిగ్-21ని ముక్కు పట్టుకుని లేపారు. 1/72లో దాని రెక్కల వెడల్పు పట్టుమని పది సెంటీమీటర్లు. ముక్కు దగ్గర వేగం కొలిచే పిటాట్ గొట్టమైతే చీపురుపుల్లంత. టప్పున విరిగింది. "సూపర్ గ్లూ పెడితే సరిపోద్ది బాబూ" అన్నారు, చల్లగా. ఆ జిగురు ఆవిరికి కాక్‌పిట్ అద్దం తెల్లగా మసకబారుతుందని ఆయనకెలా చెప్పేది?

రాత్రి పదకొండింటికి ఫోను: "అతుకు గీత కనబడిందని మార్కులు కోస్తారా?" కోస్తాం మరి! పుట్టీ పెట్టి ఉప్పుకాగితంతో రుద్దితే పోయేదేగా.

కుర్చీలు సర్దే వేళకి హాల్లో మిగిలింది నేనూ, ముక్కు విరిగిన మిగ్గూ.