మహారాజశ్రీ 'సింపుల్' గారికి

తిరుపతి

విండోసుకు బదులు వాడుకునే లినక్సులో ప్రతి మెయిల్ ప్రోగ్రామ్ నుదుటా తిరునామంలా వెలిగిపోయే మహారాజశ్రీ 'సింపుల్' గారి దివ్యసముఖమునకు, లీలామహల్ సర్కిల్ చుట్టుపక్కల పాత కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లు రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి.

బస్టాండు దగ్గర లాడ్జి బోర్డుల మీద 'కొండకు దగ్గర' అని ఉన్నట్టే, సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో 'మెయిల్' అని కొడితే వచ్చే పేర్లన్నింటి కిందా వర్ణనలో 'సింపుల్' అంటూ తమరే. లాడ్జి సంగతి ఆటో ఎక్కితే తేలిపోతుంది. తమరి సంగతి తేలాలంటే ఖాతా కలపాలి, నాలుగేళ్ల ఉత్తరాలు దించాలి. ఆ తర్వాత దిగిపోదామంటే మెట్లు కనబడవు.

ఇక్కడ కావలసింది ఏమంత పెద్దది కాదు. నాలుగు జీబీ ర్యాము మిషను, అందులో లినక్స్ మింట్. పొద్దున్నుంచీ 'అన్నా, ఈ పీడీఎఫ్ మెయిలు పెట్టీ, జిరాక్సు రొండు తియ్యల్ల' అనే జనం. ఉత్తరం రావల్ల, పోవల్ల, మళ్లీ అడిగితే దొరకల్ల. అంతే సామీ.

దీనికి తమరు మొదట చూపించేది మెయిల్ ప్రోగ్రాముల్లో ఎవొల్యూషన్‌ను. ఉత్తరం చూపించవయ్యా అంటే క్యాలెండరు, పనుల జాబితా, మెమోలు, చిరునామాల పుస్తకం అన్నీ పరుస్తుంది. కిటికీ మూసినా వెనకాల దాని డేటా సర్వర్ మేలుకునే ఉంటుంది. ఆఫీసు ఖాతా మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఛేంజ్‌ది అయితే, దానితో మాట్లాడే ఈడబ్ల్యూఎస్ ప్యాకేజీ తోడైతే, గట్టి మనిషే. కాదనం. జిరాక్సు షాపుకు మాత్రం టిఫిన్ అడిగితే పెళ్లి భోజనం వడ్డించినట్టు. కేమెయిల్‌ది ఇంకో తీరు. ఉత్తరాలకూ దానికీ మధ్య అకొనాడి అనే దళారి, ఆ దళారికో డేటాబేస్. దళారి అలిగితే ఫోల్డరు తెరుచుకోదు. ఆజ్ఞలు టైపు చేసే టెర్మినల్లో 'అకొనాడిసీటీఎల్ రీస్టార్ట్' అని కొడితే లేస్తాడు. చిత్తూరు మామిడి మండీలో కూడా దళారిని ఇంత బతిమాలరు.

తమరి ముద్దుబిడ్డ గేరీ. చూడ్డానికి కడిగిన ముత్యం. కానీ ఐమ్యాప్ (ఉత్తరాలను సర్వర్లోనే ఉంచి చూపించే పద్ధతి) తప్ప మాట్లాడదు. ఉత్తరాలను మిషనులోకి దించుకునే పాత పద్ధతి పాప్3 మాత్రమే ఇచ్చే పాత ఆఫీసు సర్వరు అయితే వాకిట్లోనే ఆగిపోవాలి. వచ్చిన ఉత్తరాలను పేరు చూసి వేరే ఫోల్డరులో వేసే ఫిల్టర్లు కూడా లేవు. బటన్లు తీసేస్తే వచ్చేది శుభ్రత, సులువు కాదు. ఈ రెంటినీ ఒకే బోర్డు కింద అమ్ముతున్నందుకే తమరి మీద ఈ ఫిర్యాదు.

అసలు ప్రశ్న తమరి వర్ణనల్లో ఎక్కడా ఉండదు: ఉత్తరాన్ని ఎక్కడ, ఏ రూపంలో పెడతావయ్యా?

థండర్‌బర్డ్ 2004లో ఒకటో వెర్షన్ అయినప్పటి నుంచీ వాడుకలో ఉంది, సెట్టింగులన్నీ ఉన్నాయి, గూగుల్ ఖాతా అయితే బ్రౌజర్ లాంటి కిటికీలో లాగిన్ చేయించుకుంటుంది. మామూలుగా ఒక ఫోల్డరులోని ఉత్తరాలన్నింటినీ ఎమ్‌బాక్స్ అనే ఒకే ఫైల్లో వరసగా కుడుతుంది. ఇన్‌బాక్స్ అంటే ఎక్స్‌టెన్షన్ కూడా లేని ఒక్క ఫైలు. అందులో ఉత్తరం తుడిచేస్తే గుర్తు మాత్రం పెడుతుంది, ఫైలు బరువు తగ్గదు. ఆ జుట్టు దిగాలంటే 'కాంపాక్ట్' అనే కల్యాణకట్టకు తీసుకుపోవాల్సిందే. అదీ ఫైలుకు కొత్త నకలు రాసుకునే పని గనక డిస్కులో అంత ఖాళీ ఉండాలి. డిస్కు నిండాక కాంపాక్ట్ చేద్దామనుకుంటే ఆలస్యమైనట్టే. జాబితాలో వరుసలు ఖాళీగా కనబడితే కంగారు పడి ఖాతా తీసేయకండి. చాలాసార్లు చెడేది పక్కనున్న ఎమ్ఎస్ఎఫ్ సూచిక ఫైలు. ఫోల్డరు మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్, రిపేర్ ఫోల్డర్. ఉత్తరాలు ఉన్నచోటే ఉంటాయి.

క్లాస్ మెయిల్ పుట్టింది సిల్ఫీడ్ అనే ఇంకో మెయిల్ ప్రోగ్రామ్ నుంచి. దీని మొహం చూసి ఎవరూ వలచరు. టూల్‌బారు చూస్తే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు కౌంటరు గుర్తొస్తుంది. కానీ ఎమ్‌హెచ్ పద్ధతి దీనిది: ఒక ఉత్తరానికి ఒక ఫైలు. ఫోల్డరు తెరిస్తే 1, 2, 3 అని నంబర్లు. 37ను మామూలు ఎడిటర్లో తెరిస్తే ఎవరి నుంచి, ఎవరికి, ఏ తేదీ, అన్నీ బయటే ఉంటాయి. ప్రోగ్రామ్ రేపు చచ్చినా ఉత్తరం బతుకుతుంది. మా లెక్కలో 'సింపుల్' అనే మాట వాడుకునే హక్కు దీనికే ఉంది.

అలాగని దీన్ని కూడా తమరి బోర్డు కింద నిలబెట్టలేం. బ్యాంకు పంపిన పట్టిక వెబ్ పేజీల భాష అయిన హెచ్‌టీఎమ్‌ఎల్‌లో వస్తే, మామూలుగా ఇది అక్షరాలను మాత్రం రాల్చి కుప్ప పోస్తుంది. దాన్ని ఉన్నదున్నట్టు చూపించే వ్యూయర్ ప్లగిన్‌ను వేరుగా దించి, కాన్ఫిగరేషన్‌లో ప్లగిన్ల జాబితాలోకి ఎక్కించాలి. రంగులు, బొమ్మలతో ఉత్తరం రాయడం దీనికి రాదు. ఇక ఫైళ్లలో మాటలు వెతికే ఆజ్ఞ గ్రెప్‌తో తెలుగు మాట వెతికారంటే అయిపోయారు. ఫైల్లో తెలుగు సాధారణంగా తెలుగులా ఉండదు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గుర్తులతోనే రాసే సంకేతాలైన బేస్64లోనో, కోటెడ్ ప్రింటబుల్‌లోనో చుట్టి ఉంటుంది. రెండోదాంట్లో ఒక్క 'క' అక్షరం తొమ్మిది గుర్తులవుతుంది, ఎందుకంటే కంప్యూటరు తెలుగును దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో అది మూడు బైట్లు, బైటుకు మూడేసి గుర్తులు. తెలుగు వెతకాలంటే ప్రోగ్రామ్ లోపలి వెతుకులాటే వాడాలి. తెరమీద అక్షరాల బదులు డబ్బాలు కనబడితే అది మెయిల్ తప్పు కాదు, తెలుగు ఫాంట్ల ప్యాకేజీ వేయలేదు.

తమరు ఎవరి నుదుట ఉన్నా జీమెయిల్ వాకిలి ఒక్కటే. క్లాస్ మెయిల్లో మామూలు పాస్‌వర్డు కొడితే 'తప్పు' అంటుంది. తప్పు వేలిది కాదు. గూగుల్ 2022 మే 30 నుంచి అలాంటి లాగిన్లను ఆపేసింది. ఖాతాలో రెండంచెల తనిఖీ పెట్టుకుని, పదహారు అక్షరాల యాప్ పాస్‌వర్డు తీసుకుని, దాన్ని ఇక్కడ వేయాలి. వచ్చే ఉత్తరాలకు ఐమ్యాప్, పోర్టు నంబరు 993, భద్రతకు ఎస్ఎస్ఎల్. పోయే ఉత్తరాలకు పోర్టు 465 అయితే ఎస్ఎస్ఎల్, 587 అయితే స్టార్ట్‌టీఎల్‌ఎస్. ఈ జతలు తారుమారైతే ఒక్కోసారి ఎర్ర అక్షరాలేవీ రావు, 'పంపుతోంది' అంటూ సర్వదర్శనం క్యూలా నిలబడిపోతుంది. అదే ఉత్తరం ఇన్‌బాక్సులోనూ 'ఆల్ మెయిల్'లోనూ రెండుసార్లు దిగుతుంటే, జీమెయిల్ సెట్టింగుల్లో లేబుళ్ల దగ్గర ఆల్ మెయిల్‌కు 'షో ఇన్ ఐమ్యాప్' టిక్కు తీసేయండి. ఆ రెండో నకలు పట్టే జాగా డిస్కులో మిగులుతుంది.

ఇంకొకటి. సర్వరు హద్దు 25 ఎంబీ కదా అని 24 ఎంబీ స్కాను తగిలించి, వెనక్కి వస్తే తమరిని తిట్టేవాళ్లున్నారు. జోడించిన ఫైలు దారిలో బేస్64 అవుతుంది, మూడు బైట్లు నాలుగవుతాయి. ఆ హద్దు మొత్తం ఉత్తరానికైతే, ఫైలు పద్దెనిమిది ఎంబీ దాటాక ఆశ వదులుకోవాల్సిందే. ఈ ఒక్క విషయంలో తమరు నిర్దోషి.

కాబట్టి మా మనవి: బోర్డు తీసేయండి, లేదా దాని కింద రెండు ముక్కలు రాయించండి. పాప్ ఉందా, ఉత్తరాలు ఏ ఫోల్డర్లో ఉంటాయి. మిగతాది మేం చూసుకుంటాం.

ఇట్లు,
తమరి బోర్డు చూసి లోపలికి వచ్చినవాళ్లు

తా.క.: మిషను మార్చేటప్పుడు ప్రోగ్రామ్‌ను మూసేసి ఉత్తరాల ఫోల్డరుకు నకలు తీయండి, తెరిచి ఉంచి తీస్తే సూచికలు చెడొచ్చు. థండర్‌బర్డ్ వాళ్లు పెన్‌డ్రైవ్ ఫార్మాటు ఫ్యాట్32 కాకుండా చూసుకోండి, నాలుగు జీబీ దాటిన ఇన్‌బాక్సు అందులో పట్టదు. క్లాస్ మెయిల్ వాళ్లకు ఆ బాధ లేదు గానీ, ఇరవై వేల చిన్న ఫైళ్లను విడివిడిగా ఎక్కిస్తే సాయంత్రమవుతుంది. ముందు టార్ చేసి ఒక్క మూట కట్టండి.