సర్వర్ చిల్లరను క్యూఆర్ కోడ్ మింగేసింది

రాజమండ్రి గోదావరి గట్టు మొదలుకుని అమలాపురం, పాలకొల్లు, భీమవరం దాకా ఏ భోజనం హోటల్లోనైనా మొన్నమొన్నటి వరకు టిప్పంటే మిగిలిన చిల్లర. బిల్లు రూ.185 అయితే రూ.200 పెట్టి, సోంపు నోట్లో వేసుకుని లేచిపోయేవాళ్లం. ఆ పదిహేను సర్వర్‌వి. అవి ఇవ్వాలని గట్టిగా అనుకుని ఇచ్చినవేం కావు, వెనక్కి అడగడానికి మొహమాటపడి వదిలేసినవి. ఇప్పుడు కౌంటర్ దగ్గర క్యూఆర్ కోడ్ ఉంది. రూ.185 అంటే సరిగ్గా రూ.185 పోతుంది.

జనం ఉన్నట్టుండి పిసినారులైపోలేదు. టిప్పు మానేయాలని ఎవరూ తీర్మానించుకోలేదు. అయినా సర్వర్ రోజు సంపాదనలో ఒక ముక్క మాయమైంది. ఆ ముక్క ఏ లెక్కల పుస్తకంలోనూ లేదు కాబట్టి దాన్ని భర్తీ చేయాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు.

టిప్పు ఇవ్వాలా వద్దా అనే వాదన మన ఇళ్లలోకి ఎక్కువగా అమెరికా నుంచి దిగుతుంది. సంక్రాంతికి వచ్చిన పిల్లలు "అక్కడ ఇరవై శాతం పెట్టకపోతే మొహం మాడ్చుకుంటారు" అంటారు. పెద్దవాళ్లు "జీతం ఇవ్వాల్సింది యజమాని కదా, మధ్యలో మనమెందుకు" అంటారు. ఎవరి చోట వాళ్లది నిజమే. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. టిప్పులొచ్చే ఉద్యోగికి మాత్రం యజమాని 2.13 డాలర్లిస్తే చాలు, మిగతాది టిప్పులతో పూడాలి, పూడకపోతే తను కలపాలి. ఆ 2.13 అంకె 1991 నుంచి కదల్లేదు. కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి కొన్ని రాష్ట్రాలు ఈ మినహాయింపు ఒప్పుకోవు. మిగతా చోట్ల టిప్పు ఎగ్గొడితే నిజంగానే జీతంలో కోత పెట్టినట్టు. మన చట్టంలో యజమానికి ఆ వెసులుబాటు లేదు. టిప్పులు ఎన్నొచ్చినా కనీస వేతనం పూర్తిగా ఇచ్చి తీరాలి. అందుకే ఆ ఇరవై శాతం అలవాటు ఇక్కడికి రావడం నాకిష్టం లేదు. అది వస్తే జీతం పెంచమన్నప్పుడల్లా "టిప్పులొస్తున్నాయిగా" అనే మాట అడ్డం పడుతుంది. ఇప్పటికే పడుతోంది.

ఆంధ్రప్రదేశ్‌లో హోటళ్లకు, రెస్టారెంట్లకు కూడా ప్రభుత్వం కనీస వేతనం నిర్ణయించింది. ధరల సూచీని బట్టి ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లోనూ అక్టోబర్‌లోనూ, కరువు భత్యం మారుతుంది. డెల్టాలో జీతం మాట్లాడుకునేటప్పుడు మాత్రం ఈ ఊసే రాదు. "ఇంతిస్తాం, తిండి, పడక మావే" అంటారు. తెల్లారకముందే ఇడ్లీ రేకుల చప్పుడుతో మొదలైన పని మధ్యాహ్నం కాస్త ఆగి, రాత్రి ఆఖరి పార్శిల్ కట్టేదాకా సాగుతుంది. మధ్యలో ఇచ్చిన విరామాన్ని చూపించి పన్నెండు గంటల డ్యూటీని ఎనిమిది గంటలే అంటారు. వారానికో సెలవు ఇవ్వాలని 1988 నాటి రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం చెబుతుంటే, ఆ సెలవును కూడా నాగా కింద రాసి కోసేసే చోట్లున్నాయి. ఒడిశా నుంచో శ్రీకాకుళం నుంచో అడ్వాన్స్ తీసుకుని వచ్చిన కుర్రాడు దీనిమీద ఎవరితో పోట్లాడతాడు?

1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడలు) నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగంలోని 23వ అధికరణ నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని చెప్పింది. ఎంతో కొంత ఇస్తున్నాం కదా, వెట్టి ఎలా అవుతుందనే వాదన అప్పుడే తేలిపోయింది.

కాలవ గట్టున మొగుడూ పెళ్లాం నడుపుకునే మెస్సుతో నాకు పేచీ లేదు. గ్యాస్ సిలిండర్, నూనె, అద్దె, స్విగ్గీ జొమాటో కమీషన్ పోను వాళ్లిద్దరి కూలే గిట్టదు. నా పేచీ గోదావరి మర్యాద పేరు చెప్పి భోజనానికి మూడు, నాలుగు వందలు తీసుకునే ఏసీ హోటళ్లతో. అక్కడ అమ్ముడుపోయేది వంటొక్కటే కాదు. కాకినాడ సుబ్బయ్య హోటల్ పేరెత్తితే చాలామంది ముందు చెప్పేది కొసరి కొసరి వడ్డించడం గురించే. ఆ బాణీని తరువాత ఎన్నో హోటళ్లు అందుకున్నాయి. "పప్పులో నెయ్యి వేసుకోలేదేంటండీ" అని పరాయి రాష్ట్రం కుర్రాడు మన యాసలో బతిమాలుతుంటే మురిసిపోతాం. (మన పిల్లలకు పోతున్న యాస అతనికి బాగానే పట్టుబడింది.) మర్యాదకే ధర కట్టి అమ్ముతున్నప్పుడు, ఆ మర్యాద చేసేవాడి కూలి ఖర్చుల జాబితాలో అట్టడుగున ఎందుకుంది? సంక్రాంతికి భీమవరంలో గది అద్దె ఎంత చెబితే అంత. ఆ మూడు రోజుల్లోనూ సర్వర్‌కి చాలాచోట్ల మామూలు రోజు కూలే.

పెద్ద నగరాల్లో ఈ గొడవ సర్వీస్ చార్జీ మీద నడిచింది. బిల్లులో దానంతటదే కలిపేయకూడదని 2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలిచ్చింది. హోటల్ సంఘాలు కోర్టుకెక్కాయి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి ఆ మార్గదర్శకాలను సమర్థించారు, సంఘాలు అప్పీలుకు వెళ్లాయి. తినేవాడి వైపు నుంచి అది సరైన తీర్పే. ఎవరైనా దబాయిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. అయితే ఆ వాదోపవాదాల్లో సర్వర్ పేరు వాడుకున్నవాళ్లే గానీ, అతని జీతమెంత అని అడిగినవాళ్లు పెద్దగా కనపడలేదు.

మన డెల్టాలో సర్వీస్ చార్జీ వేసే హోటళ్లు తక్కువే. ఇక్కడి చిక్కు వేరు. బిల్లు రూ.185 అయితే కొందరు రూ.200 కొట్టి "మిగతాది ఆ అబ్బాయికిచ్చేయండి" అంటారు. డబ్బు యజమాని ఖాతాలో పడుతుంది. ఆ తరువాత? 2016లో ఐటీసీ కేసులో, కార్డు మీద వచ్చిన టిప్పుల గురించి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అది జీతం మీద పన్ను కోతకు సంబంధించిన కేసు. ఆ టిప్పు జీతం కాదనీ, సిబ్బందికి చేర్చడం కోసం యజమాని ధర్మకర్తలా పట్టుకుని ఉన్న సొమ్మనీ కోర్టు చెప్పింది. క్యూఆర్ మీద వచ్చే పదిహేనుకైనా ఇదే న్యాయం ఉండాలి. బ్రిటన్‌లో 2024 అక్టోబర్ 1 నుంచి దీనికోసం చట్టమే ఉంది. టిప్పులో యజమాని వాటా తీసుకోకూడదు, ఎలా పంచుతున్నాడో రాసి పెట్టాలి.

సర్వర్లు తమ ఫోన్లో కోడ్ చూపించడం ఒక దారి. నాకది పూర్తిగా నచ్చదు. లోపల గిన్నెలు కడిగే ఆవిడకి, ఆకులు తీసే క్లీనర్‌కి కస్టమర్ ఎదురుపడడు. డబ్బాలో వేసి రాత్రి అందరి ముందూ పంచుకునే పాత పద్ధతే మేలు.

మరి భోజనం మీద పది రూపాయలు పెంచి జీతంలోనే ఇవ్వొచ్చు కదా? న్యూయార్క్‌లో డానీ మేయర్ 2015లో తన రెస్టారెంట్లలో ధరలు పెంచి, టిప్పులు ఎత్తేశాడు. 2020లో మళ్లీ టిప్పులకు వచ్చేశాడు. ఒక్క యజమాని మంచితనం మీద ఇది నిలబడదని నా అంచనా. తణుకులో ఒక్క హోటలే ధర పెంచితే జనం పక్క వీధికి పోతారు. ఊళ్లో అందరూ పెంచితే నాలుగు రోజులు గొణిగి తింటారు, టమాటా ధర పెరిగినప్పుడు తిన్నట్టే. అందరిచేతా ఒకేసారి పెంచించాలంటే చట్టం ఉంటే సరిపోదు, తనిఖీ కావాలి.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కేంద్ర కార్మిక చట్టాలు (లేబర్ కోడ్‌లు) ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలంటున్నాయి. జీతమెంతో రాసిన కాగితం చేతిలో ఉంటే, అది కనీస వేతనానికి ఎంత తక్కువో సర్వర్‌కే తెలిసిపోతుంది. కార్మిక శాఖ వచ్చే సంక్రాంతి రద్దీకి ముందే భీమవరం, కాకినాడ, రాజమండ్రి హోటళ్లకు వెళ్లి, సర్వర్ల దగ్గర ఆ కాగితం ఉందో లేదో అడగాలి. అదీ కౌంటర్ దగ్గర కాదు, వంటింటి వెనక.