గాలిమర వద్దన్న ఊరిని తిట్టే ముందు

కరెంటు కావాలి గానీ గాలిమర మాత్రం తమ ఊళ్లో వద్దంటే ఎలా కుదురుతుందని, పర్యావరణం మీద నిజమైన ఆపేక్ష ఉన్న నా మిత్రులే తరచుగా అడుగుతుంటారు. ఎక్కడో ఒక పల్లె పవన విద్యుత్తు ప్రాజెక్టును అడ్డుకున్నదని వార్త వచ్చిన ప్రతిసారీ ఆ ఊరివాళ్లు స్వార్థపరులనో, లోకజ్ఞానం లేనివాళ్లనో, ఎవరో ఎగదోస్తే రోడ్డెక్కినవాళ్లనో నిమిషంలో తేల్చేస్తారు. బొగ్గు మండించి తయారుచేసే విద్యుత్తు నుంచి ఎంత తొందరగా బయటపడితే అంత మంచిదని నమ్మేవాళ్లలో నేనూ ఒకణ్ణి. గాలిమరలు ఇంకా చాలా రావాలన్నదే నా కోరిక. ఆ కోరిక ఉన్నందువల్లనే ఈ నిందలు నాకు కష్టం కలిగిస్తున్నాయి, ఎందుకంటే ఊరివాళ్ల మాట వినకుండా పనులు కానిచ్చేసిన చోట్ల చివరికి దెబ్బతిన్నది పవన విద్యుత్తుకున్న మంచిపేరే.

కొన్నేళ్ల కిందట గాలిమరలకు అర కిలోమీటరు దూరంలో ఉన్న ఒక ఇంట్లో రెండు రాత్రులు గడిపాను. పగలు వాటి చప్పుడు దాదాపుగా తెలియలేదు. పొలంలో గాలి, చెట్ల ఆకులు, రోడ్డు మీద బండ్లు దాన్ని కప్పేశాయి. రాత్రి పది దాటాక నేల మీద గాలి పడిపోయి ఆకు కూడా కదలని వేళ, పైన మాత్రం రెక్కలు తిరుగుతూనే ఉన్నాయి. ఒక్కొక్క రెక్క కిందికి దిగినప్పుడల్లా హుష్షుమని ఒక చప్పుడు, చిన్న విరామం, మళ్లీ అదే చప్పుడు. “ఎవరో గోడ అవతల నిలబడి ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది నాయనా” అన్నది ఆ ఇంటి పెద్దమ్మ. అంతకంటే కచ్చితంగా ఆ చప్పుడును వర్ణించినవాళ్లను నేను చూడలేదు. తెల్లవారి సూర్యుడు రెక్కల వెనక నుంచి పైకి వచ్చే సమయానికి గదిలో ఒక గోడ మీద నీడ వచ్చిపోవడం మొదలైంది. సెకనుకొకసారి చొప్పున వెలుగు ఆరి, మళ్లీ వెలిగినట్టు. ఆమె మాట్లాడుతూనే లేచి, కిటికీకి ముందే కొట్టి ఉంచిన రెండు మేకులకు పాత దుప్పటి తగిలించి వచ్చింది. ఆ మేకులు తుప్పు పట్టి ఉన్నాయి.

ఇదంతా ఆమె భ్రమ అని కొట్టిపారేయడానికి వీల్లేదు. పెద్ద గాలిమర రెక్క కొస గంటకు సుమారు 300 కిలోమీటర్ల వేగంతో గాలిని కోస్తుంది. రాత్రిపూట నేల చల్లబడ్డాక కింద గాలి ఆగిపోయినా వంద మీటర్ల ఎత్తున బలంగా వీస్తూనే ఉంటుందనీ, అందువల్ల పగటి లెక్కలతో వేసిన శబ్దపు అంచనాలు రాత్రికి సరిపోవనీ డచ్చి శాస్త్రవేత్త ఫ్రిట్స్ వాన్ డెన్ బెర్గ్ 2004లోనే కొలిచి చూపించాడు. ఆ కొలతలు తీయడానికి కారణం నెదర్లాండ్స్, జర్మనీ సరిహద్దులో నివసించే జనం చేసిన ఫిర్యాదులు. అంటే నిపుణుల లెక్కలో ఉన్న లోపాన్ని ముందు పట్టుకున్నది ఊరివాళ్ల చెవులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2018లో గాలిమరల శబ్దానికి రాత్రీపగలూ కలిపిన సగటు 45 డెసిబెల్స్ దాటకూడదని షరతులతో కూడిన సిఫారసు చేసింది. రెక్కల నీడ ఒక ఇంటి మీద ఏడాదికి 30 గంటలకు, రోజుకు 30 నిమిషాలకు మించి పడకూడదని జర్మనీలో మార్గదర్శకం ఉంది. లేని సమస్యకు ఎవరూ పరిమితులు రాయరు.

అదే సమయంలో, చెవికి వినబడని అతి తక్కువ పౌనఃపున్యపు శబ్దం వల్ల గుండె జబ్బులు వస్తాయనీ, తల తిరుగుతుందనీ జరుగుతున్న ప్రచారానికి ఆధారాలు దొరకలేదు. ఫిన్లాండ్ ప్రభుత్వం చేయించిన విస్తృత పరిశోధన 2020లో ఆ మాటే చెప్పింది. ఊరి తరఫున మాట్లాడేవాళ్లు ఈ ప్రచారాన్ని భుజాన వేసుకుంటే తమ అసలు ఫిర్యాదును తామే పలచన చేసుకున్నట్టు అవుతుందని నేను చాలామందితో వాదించాను. నిద్ర చెడిపోవడం, ఇంట్లో వెలుగు వచ్చిపోతూ ఉండడం, రాత్రంతా టవర్ల మీద ఎర్రదీపాలు మిణుకుమిణుకుమనడం చాలినంత కష్టాలే. వాటికి మరో రోగం తగిలించనక్కర్లేదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం మరొకటి ఉంది. నెదర్లాండ్స్‌లో 2007లో గాలిమరల సమీపంలో నివసించే 725 మందిని ప్రశ్నించినప్పుడు, ఆ మరల నుంచి ఆదాయం పొందుతున్నవాళ్లకు ఆ చప్పుడు దాదాపుగా విసుగు కలిగించడం లేదని తేలింది. నిజానికి వాళ్ల ఇళ్ల దగ్గరే శబ్దం ఎక్కువ. దీన్ని చూపించి, చూశారా, అంతా డబ్బు కోసమేనని కొందరు తేలిగ్గా అనేస్తారు. నాకు అలా అనిపించలేదు. తన ఇష్టంతో, తన చేతి సంతకంతో తెచ్చుకున్న మర చప్పుడు ఒకలా వినబడుతుంది, తనను అడగకుండా తెచ్చి కంచె అవతల నిలబెట్టిన మర చప్పుడు ఇంకోలా వినబడుతుంది. పక్కింటి పెళ్లి బాజా వినేటప్పుడు పిలుపు అందిన ఇంటికీ అందని ఇంటికీ ఉన్న తేడా లాంటిదే ఇది.

పల్లెల్లో ప్రాజెక్టులు వచ్చే తీరు చూస్తే ఆ తేడా ఎక్కడ పుడుతుందో అర్థమవుతుంది. ముందుగా కంపెనీ తరఫు మనిషి భూమి ఉన్న రైతులను ఒక్కొక్కరిగా కలుస్తాడు. ఊరందరినీ ఒకచోట కూర్చోబెట్టి చెబితే ఒక్క రోజులో అయిపోయే సంగతి, ఇంటింటికీ విడివిడిగా, పక్కవాడు ఎంతకు ఒప్పుకున్నాడో తెలియకుండా నెలల తరబడి సాగుతుంది. ఒప్పందపు షరతులు బయటికి చెప్పకూడదన్న నిబంధన చాలా కౌలు పత్రాల్లో ఉంటుంది. పాతికేళ్లకో ముప్పయ్యేళ్లకో సంతకం పడుతుంది. టవరు లేచిన చేను యజమానికి ఏటా కౌలు వస్తుంది. ఆ టవరుకు అంతే దూరంలో, ఒక్కోసారి అంతకంటే దగ్గరగా, గట్టు అవతల ఇల్లున్న మనిషికి ఏమీ రాదు. సొంత భూమి లేక ఆ పొలాల్లో పశువులు మేపుకునేవాడి సంగతి, కూలికి వెళ్లేవాడి సంగతి ఎవరి కాగితంలోనూ ఉండదు. వార్త ఊరందరికీ తెలిసేటప్పటికి సగం సంతకాలు అయిపోయి ఉంటాయి. అప్పుడు ప్రజాభిప్రాయం కోసమని సభ పెడతారు. అన్నదమ్ముల్లాంటి కుటుంబాలు ఆ సభలో చెరో పక్కన కూర్చుంటాయి. ఆ చీలిక గాలిమర పాతబడి కూలిపోయే నాటికైనా మాసిపోతుందని నమ్మకం లేదు.

ఒక రైతు తన కౌలు పత్రాన్ని నాకు చదవమని ఇచ్చాడు. దాదాపు నలభై పేజీలు ఉన్న ఆ పత్రంలో మర ఆయుష్షు తీరాక దాన్ని ఎవరు తొలగించాలన్న విషయం మీద నాలుగే పంక్తులు ఉన్నాయి. పునాదిని నేల మట్టానికి ఒక మీటరు లోతు వరకు తొలగిస్తామని రాశారు. మిగిలినది అక్కడే ఉంటుంది. ఒక్కో టవరు కింద కొన్ని వందల ఘనపు మీటర్ల కాంక్రీటు పోస్తారన్న సంగతి ఆయనకు సంతకం పెట్టేనాటికి తెలియదు. కంపెనీ చేతులు మారితే బాధ్యత ఎవరిదో, కంపెనీ మూతపడితే తొలగింపు ఖర్చుకు ముందుగా ఎక్కడైనా డబ్బు జమ చేశారో ఆ పత్రంలో లేదు. టవరు ఉక్కును, రాగి తీగలను మళ్లీ వాడుకోవచ్చు. ఫైబర్ గ్లాసుతో చేసిన రెక్కలను కరిగించి వాడడం ఇప్పటికీ కష్టమే, చాలాచోట్ల వాటిని ముక్కలు కోసి పాతిపెట్టారు. “అయ్యా, ఇది నా మనవడి నెత్తిన పడుతుందా?” అని ఆ రైతు అడిగాడు. మరను వ్యతిరేకించేవాడు కాదాయన. సంతకం పెట్టినవాడు.

భూమికి కాగితం లేనివాళ్ల సంగతి ఇంకా అన్యాయం. నార్వేలోని ఫోసెన్ ప్రాంతంలో తరతరాలుగా రెయిన్‌డీర్లను మేపుకునే సామీ ప్రజల చలికాలపు మేత భూముల్లో 151 గాలిమరలు నిలబెట్టారు. వాళ్లు మొదటి నుంచీ వద్దంటూనే ఉన్నారు. పనులు నిలపమని ఐక్యరాజ్యసమితి కమిటీ 2018లో కోరినా ఆగలేదు. 2021 అక్టోబరు 11న ఆ దేశపు సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ అనుమతులు చెల్లవనీ, సామీల సాంస్కృతిక హక్కుకు భంగం కలిగిందనీ తీర్పు చెప్పింది. తీర్పు వచ్చిన 500 రోజులకు కూడా మరలు తిరుగుతూనే ఉండడంతో 2023లో సామీ యువత ఓస్లోలో మంత్రిత్వశాఖ భవనంలో బైఠాయించింది, ప్రధాని క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. కెన్యాలో తుర్కానా సరస్సు దగ్గర 365 గాలిమరల ప్రాజెక్టుకు ఇచ్చిన సుమారు లక్షన్నర ఎకరాల భూమి పట్టాలు చట్టప్రకారం ఇచ్చినవి కావని 2021 అక్టోబరులోనే అక్కడి కోర్టు తేల్చింది. రెండుచోట్లా నష్టపోయినవాళ్లు పశువుల కాపరులు. ఖాళీగా కనిపించే నేల ఎవరిదీ కాదనుకోవడం బొగ్గు గనులవాళ్ల అలవాటు. హరిత విద్యుత్తు పేరుతో పనిచేసేవాళ్లు దాన్ని అప్పు తెచ్చుకోవడం నాకు సిగ్గుగా ఉంది.

మరో దారి లేదని చెప్పేవాళ్లు డెన్మార్కు వైపు చూడాలి. శామ్సో అనే చిన్న దీవిలో నాలుగు వేల మంది కూడా ఉండరు. 1997లో పునరుత్పాదక ఇంధన దీవిగా ఎంపికయ్యాక, 2000 నాటికి అక్కడ నేల మీద 11 మరలు లేచాయి. వాటిలో తొమ్మిది అక్కడి రైతులవి, రెండు దీవివాసుల సహకార సంఘాలవి. ఆ తర్వాత సముద్రంలో మరో పది పెట్టారు. కోపెన్‌హేగెన్ తీరాన మిడిల్‌గ్రుండెన్ పల్లెటూరి ప్రాజెక్టు కాకపోయినా దాన్ని తలచుకోకుండా ఉండలేను. మొదట మూడు వరుసల్లో 27 మరలు అనుకున్నారు. జనం అభ్యంతరం చెప్పాక ఒకే వంపు గీతలో 20 మరలుగా మార్చారు. అందులో సగం ఎనిమిదిన్నర వేల మంది మామూలు మనుషులు వాటాలు కొనుక్కున్న సహకార సంఘానిది. తర్వాత 2008 చివర డెన్మార్కు చట్టం చేసి, కొత్త ప్రాజెక్టులో కనీసం 20 శాతం వాటాను 4.5 కిలోమీటర్ల లోపు నివసించేవాళ్లకు ముందుగా అమ్మజూపాలన్నది. ఆ చట్టం అన్ని గొడవలనూ ఆపలేదు, వాటా కొనే స్తోమతు లేనివాళ్లకు అది ఉపయోగపడలేదు కూడా. అయినా పక్కింటివాడికీ ఇందులో హక్కు ఉందన్న మాటను అది చట్టంలోకి ఎక్కించింది.

అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల గాలిమరలకు అయిదు మైళ్ల లోపు నివసించే 1,700 మందికి పైగా మనుషులను ప్రశ్నిస్తే, వాటి మీద చెడు అభిప్రాయం ఉన్నవాళ్లు 8 శాతమే తేలారు. ప్రాజెక్టు నిర్ణయం న్యాయంగా జరిగిందా లేదా అన్న భావనకూ, మర మీద ఉన్న అభిప్రాయానికీ బలమైన సంబంధం కనిపించింది. అంటే పల్లె మనిషి గాలిమరకు పుట్టుశత్రువు కాడు. అతన్ని అలా మార్చే పద్ధతులు ఉన్నాయి.

ఆ పద్ధతుల వల్ల పుట్టిన కోపాన్ని రాజకీయ నాయకులు ఎలా వాడుకుంటారో కూడా చూశాం. జర్మనీలోని బవేరియా రాష్ట్రంలో 2014లో, మర ఎత్తుకు పది రెట్ల దూరం లోపు ఇళ్లు ఉండకూడదని నిబంధన పెట్టారు. 200 మీటర్ల మరకు రెండు కిలోమీటర్లన్నమాట. కొత్త అనుమతులు దాదాపుగా ఆగిపోయాయి. పోలండ్ 2016లో అదే నిబంధన తెచ్చి, 2023లో కనీస దూరాన్ని 700 మీటర్లకు తగ్గించుకుంది. ఇంగ్లండ్‌లో 2015లో పెట్టిన షరతుల వల్ల నేల మీద గాలిమరలు తొమ్మిదేళ్ల పాటు దాదాపు నిలిచిపోయాయి, 2024 జులైలో గానీ వాటిని తీసేయలేదు. ఈ నిషేధాలను నేను సమర్థించను. మాకొక మాట చెప్పండి, మాకొక వాటా ఇవ్వండి అని అడిగిన ఊళ్లకు దక్కింది ఈ గుడ్డి కొలబద్ద. మరలు కావాలనుకున్న ఊళ్లకు కూడా ఇది అడ్డుపడింది.

పక్షుల గురించి ఒక మాట. నార్వేలోని స్మోలా దీవిలో తెల్లతోక గద్దలు రెక్కలకు తగిలి చనిపోతుంటే, నాలుగు మరలకు ఒక్కొక్క రెక్కకు నల్లరంగు వేసి చూశారు. పక్షి మరణాలు సుమారు 70 శాతం తగ్గాయని 2020లో ప్రచురించారు. చిన్న ప్రయోగమే, కానీ వెతికితే దారులు దొరుకుతాయి. ఏ కొండ అంచున గద్దలు ఏ నెలలో గుంపు కడతాయో అక్కడి గొర్రెల కాపరికి తెలిసినంతగా రెండు వారాల సర్వేకు వచ్చినవాళ్లకు తెలియదు. అతన్ని అడిగితే టవరును ఎంత పక్కకు జరపాలో అతనే చెప్పగలడు.

నేను ఆ రెండు రాత్రులు గడిపిన ఇంటికి దగ్గరలోనే ఇంకొన్ని మరలు పెడతారట, సభ జరుగుతుందని నోటీసు అంటించారట. ఈసారి నేనూ వెళ్తున్నాను. మరలు వద్దని చెప్పడానికి వెళ్లడం లేదు. టవర్ల స్థానాలు ఇంకా మార్చడానికి వీలుందా, లేక అప్పటికే ఖరారైపోయాయా అన్నది నా మొదటి ప్రశ్న. రాత్రి శబ్దాన్ని ఎవరు, ఏ ఇంటి దగ్గర, ఎన్ని నెలలు కొలుస్తారు, పరిమితి దాటితే మర ఆపుతారా అని అడుగుతాను. కౌలు రాని ఇళ్లకు ఏటా ఏమి వస్తుందో, తొలగింపు ఖర్చు ఎవరి పేరున, ఎక్కడ జమ అయి ఉంటుందో కాగితం మీద చూపించమంటాను. పెద్దమ్మ కూడా వస్తానన్నది. నీడ ఏ నెలలో ఏ గోడ మీద ఎంతసేపు పడుతుందో ఆమె క్యాలెండర్ మీద రాసిపెట్టుకుంది, ఆ క్యాలెండర్‌ను వెంట తెస్తుంది.