శరణార్థి మహిళలకు జట్టులో చోటేది?

శరణార్థుల సహాయార్థం ముస్లిం మహిళలకు క్రీడా పోటీలు నిర్వహించాలన్న ఆలోచన స్వాగతించదగినదే. అయితే ఎవరికి వారు పరుగెత్తి విరాళాలు పోగుచేసే కార్యక్రమంగా కాక, దాన్ని జట్టు ఆటగానే నిర్వహించాలి. ఆ జట్లలో శరణార్థి మహిళలు కూడా ఆడాలి. సహాయం పొందేవారిని బ్యానర్ మీది ఫొటోకు పరిమితం చేసి, ఇచ్చేవారు మాత్రమే మైదానంలోకి దిగే ఏర్పాటును దానం అనవచ్చు గానీ సంఘీభావం అనలేము.

జట్టే ఎందుకు? ఒంటరిగా నడుస్తానని మాట ఇచ్చిన మనిషి రెండో వారానికి మానేసినా అడిగేవారుండరు. ఏడుగురు ఆడే నెట్‌బాల్‌లో ఒకరు రాకపోతే మిగిలిన ఆరుగురూ ఫోన్ చేస్తారు. కొత్త దేశంలో తాను రాలేదని గమనించేవారే లేని మహిళకు ఆ ఫోన్ విలువ తెలుసు. భాష రాకపోయినా బంతి అడగడానికి చేయెత్తితే చాలు. పైగా శరణార్థులందరూ ఆట కొత్తగా నేర్చుకోవలసినవారూ కారు. 2021 ఆగస్టులో తాలిబన్లు కాబూల్‌ను చేజిక్కించుకున్నాక ఆస్ట్రేలియాకు చేరిన అఫ్గాన్ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణులు మెల్‌బోర్న్‌లో మళ్లీ జట్టుగా ఆడారు. అటువంటివారిని ప్రేక్షకుల వరుసలో కూర్చోబెట్టి వారి కోసం మనం ఆడతామనడం ఎంత వింత!

ఇంత హడావుడి ఎందుకు, ఆ ఖర్చేదో నేరుగా సహాయ సంస్థకు పంపితే పోలేదా అనేవారున్నారు. అత్యవసర సమయంలో డబ్బే ముందు వెళ్లాలి, అందులో వాదన లేదు. కానీ డబ్బు పంపినంత మాత్రాన పక్క వీధిలో ఉంటున్న శరణార్థి కుటుంబంతో పరిచయం కలగదు.

లెక్కల విషయంలో మాత్రం మొదటి నుంచీ కచ్చితంగా ఉండాలి. ముస్లింలు విధిగా ఇవ్వవలసిన దానమైన జకాత్ ఎవరికి చెందాలో ఖురాన్ ఎనిమిది వర్గాలను పేర్కొంది. హాలు అద్దె, టీషర్టులు ఆ జాబితాలో లేవు. అందుకే జకాత్‌నూ, ఇష్టపూర్వకంగా ఇచ్చే దానమైన సదఖానూ వేర్వేరు పద్దుల్లో రాసి, నిర్వహణ ఖర్చులను ప్రవేశ రుసుము నుంచో స్పాన్సర్ల నుంచో రాబట్టుకోవాలి.

ఇక మైదానం. అద్దాల తలుపులున్న హాలు ఇచ్చి, దానికి ‘మహిళలకు మాత్రమే’ అని ఒక కాగితం అంటించి చేతులు దులుపుకునే నిర్వాహకులు ఎక్కువ. బయట నడిచేవారికి ఆటంతా కనిపిస్తుంటే, హిజాబ్ తీసి హాయిగా ఆడదామని వచ్చిన అమ్మాయి మళ్లీ దాన్ని సర్దుకుంటుంది. తలుపులకు తెరలు, మహిళా రెఫరీలు, నమాజు వేళలు చూసుకుని వేసిన మ్యాచ్‌ల పట్టిక, పసిపిల్లలను చూసుకునే మనిషి: ఇవేవీ అదనపు సౌకర్యాలు కావు. ఫొటోలకు ముందస్తు అనుమతి మరీ ముఖ్యం, ఎందుకంటే స్వదేశంలో మిగిలిన బంధువులకు ఒక్క ఫొటో ముప్పు తేగలదు.

నిజానికి ఇది ఒక్క పోటీకి సంబంధించిన సమస్య కాదు. మహిళలు ఏ షరతులపై ఆడాలో వారిని అడగకుండానే నిర్ణయించే అలవాటు క్రీడా పాలనలో పాతుకుపోయింది. 2011లో అమ్మాన్‌లో జోర్డాన్‌తో ఒలింపిక్ అర్హత ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడవలసిన ఇరాన్ మహిళలను హిజాబ్ కారణంగా ఆడనివ్వలేదు. తలకప్పును ఫుట్‌బాల్ నియమాలు 2014లో, బాస్కెట్‌బాల్ నియమాలు 2017లో అనుమతించాయి. అయినా 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ తన సొంత క్రీడాకారిణులకు హిజాబ్‌ను నిషేధించింది. బలవంతంగా కప్పించే ప్రభుత్వమూ, బలవంతంగా తీయించే ప్రభుత్వమూ ఆడే మనిషి ఇష్టాన్ని పక్కన పెట్టడంలో ఒక్కటే.

అదే తప్పు ఈ చిన్న పోటీలో జరగకూడదంటే తేదీ, ఆట, నియమాలు ఖరారు చేసే సమావేశానికే శరణార్థి మహిళలను పిలవాలి. వారిని నివాస పత్రాలు అడగకుండా పేరు నమోదు చేసుకోవాలి. వారి ప్రవేశ రుసుము మినహాయింపు, రానుపోను ఛార్జీలు, బూట్ల ఖర్చు బడ్జెట్‌లో మొదటి పద్దుగా రాసుకోవాలి; కప్పులు ఎంత పెద్దవి కొనాలో మిగిలిన డబ్బును బట్టి ఆలోచించవచ్చు.