మొహమాటపు వేలిముద్ర

కనిగిరి వైపు ఒక ఊళ్లో రామాలయం అరుగు మీద రోజూ సాయంత్రం ఉచిత ట్యూషన్ జరుగుతుంది. ముప్పై మంది దాకా పిల్లలు. చదువు చెప్పేది ఆ ఊరి డిగ్రీ అమ్మాయే. నడిపేది ఒక స్వచ్ఛంద సంస్థ. పలకలు, నోటు పుస్తకాలు, వారానికి రెండు మూడు రోజులు ఉడకబెట్టిన శనగలు వాళ్లే ఇస్తారు. మా విలేకరి వెళ్లిన రోజు కొత్త పిల్లల్ని చేర్చుకుంటున్నారు. ఒక అవ్వ మనవడి చెయ్యి పట్టుకుని వచ్చింది. కొడుకూ కోడలూ హైదరాబాదులో బిల్డింగు పనికి వెళ్లి రెండేళ్లయింది.

ఫారం రెండు పేజీలు, అంతా ఇంగ్లీషు. పిల్లవాడి పేరు, పుట్టిన తేదీ, ఆధార్ నంబరు, కులం, ఉపకులం, ఇంటి ఆదాయం, బ్యాంకు ఖాతా, ఫోను నంబరు మొదటి పేజీలో. ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు ఉందా, అప్పులున్నాయా, తండ్రి తాగుతాడా, పిల్లవాడు ఎప్పుడైనా కూలికి వెళ్లాడా అన్నవి రెండో పేజీలో. అమ్మాయి ఒక్కొక్కటే అడిగి నింపింది. అవ్వ వేలిముద్ర వేసింది. ఆ తరువాత అమ్మాయి తన సొంత ఫోనుతో ఫారాన్నీ, అవ్వ ఆధార్ కార్డునూ, పిల్లవాడినీ ఫొటో తీసి సంస్థ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఆ గ్రూపులో వంద మందికి పైనే ఉన్నారు. ఏం రాసుకున్నారో తెలుసా అని అవ్వను అడిగితే, "ఏమో నాయనా, పిల్లోడికి చదువు చెప్తామన్నారు, వేలెయ్యమన్నారు, వేశా" అంది.

ఆ అమ్మాయి తప్పేం లేదు. పైనుంచి వచ్చిన ఫారం నింపింది, గ్రూపులో పెట్టమంటే పెట్టింది. సంస్థ ఉద్దేశం మీదా మాకు అనుమానం లేదు. వాళ్లు లేకపోతే ఆ ఊళ్లో సాయంత్రం పూట ఎక్కం చెప్పించుకునే దిక్కు ఆ పిల్లలకు లేదు. అయినా ఆ అరుగు మీద జరిగింది సరైన పని కాదని చెప్పక తప్పదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చదువు కోసం పనిచేస్తున్న సంస్థలు చిన్నవీ పెద్దవీ చాలానే ఉన్నాయి. వాటిలో చాలాచోట్ల ఇదే పద్ధతి.

చదువు పేరు చెప్పి గడప తొక్కినవాళ్లను నమ్మడం ఈ ప్రాంతానికి పాత అలవాటు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు కూలి పని చేసి అలిసిపోయి వచ్చిన ఆడవాళ్లు రాత్రి బడిలో లాంతరు దగ్గర కూర్చున్నారు. అక్షరాలు దిద్దుతూనే మొగుడి తాగుడు గురించీ, దెబ్బల గురించీ, అప్పుల గురించీ నోరు విప్పారు. దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మీదికి వెళ్లింది ఆ మాటల నుంచే. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చిందంటే దాని మొదలు అక్కడుంది. ఆ రాత్రుల్లో వాళ్లు చెప్పుకున్న కష్టం వాళ్ల చేతుల్లోనే ఉంది. ఎవరికి చెప్పాలో, ఎప్పుడు బయటపెట్టాలో వాళ్లే తేల్చుకున్నారు. ఇవాళ అదే కష్టం 'తండ్రి తాగుతాడా' అనే గడిలో 'అవును' అన్న ఒక్క ముక్కగా మారి, ఆ ఇంటివాళ్లు ఎన్నడూ చూడని ఆఫీసులో, ఎవరి కంప్యూటర్లోనో పడి ఉంటోంది. పదేళ్ల తరువాత ఆ పిల్లవాడు ఉద్యోగానికి వెళ్లినా ఆ ముక్క అలాగే ఉంటుంది.

పేరు పుస్తకంలోకి ఎక్కితే ఏమవుతుందో కూడా ఈ గడ్డకు తెలుసు. నేరస్థ తెగల చట్టం కింద తెల్లదొరలు కొన్ని కులాలవాళ్ల పేర్లు రిజిస్టర్లలో రాసుకున్నారు, వేలిముద్రలు తీసుకున్నారు. కావలిలోనూ, బిట్రగుంట దగ్గర కప్పరాళ్లతిప్పలోనూ సెటిల్‌మెంట్లు పెట్టి ఎరుకల, యానాది కుటుంబాలను తెచ్చి ఉంచారు. ఊరు దాటాలంటే అనుమతి కావాలి, పిలిచినప్పుడు హాజరు పలకాలి. బాగు చేస్తామన్న పేరుతోనే అదంతా చేశారు. ఆ చట్టం 1952లో రద్దయింది. ఆ కుటుంబాల మీద పడిన మచ్చ మాత్రం చట్టంతో పాటు పోలేదు. నేటి స్వచ్ఛంద సంస్థలను ఆ దొరలతో ఒక గాటన కట్టం. అయితే ఆ వాడల్లోని పిల్లల పేరు పక్కన కులం, ఉపకులం, 'ఇంట్లో ఎవరి మీదైనా కేసులున్నాయా' అని రాసుకునేటప్పుడు ఒక్క నిమిషం చెయ్యి ఆగాలి. చదువు చెప్పడానికి అది అవసరమా?

చట్టం సంగతికి వద్దాం. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చి చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సంస్థల మీద ఉండే ముఖ్యమైన బాధ్యతలు పూర్తిగా అమలు కావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. అంటే 2027 మే వరకు. కాగితం మీద రాసుకున్న వివరాలను ఫోనులోకో కంప్యూటరులోకో ఎక్కించారంటే ఈ చట్టం వర్తిస్తుంది. లాభం కోసం నడపడం లేదు, సేవ చేస్తున్నాం అన్నంత మాత్రాన మినహాయింపు లేదు.

ఈ చట్టంలో 18 ఏళ్లు నిండనివారంతా పిల్లలే. వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల నుంచో, చట్టబద్ధమైన సంరక్షకుల నుంచో నిర్ధారించుకోదగిన సమ్మతి ఉండాలి. ఏ వివరాలు తీసుకుంటున్నారో, దేనికో చెప్పే నోటీసు ఇవ్వాలి. అది ఇంగ్లీషులోనే కాదు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో అడిగిన భాషలో చదువుకునే వీలుండాలి. ఆ భాషల్లో తెలుగు ఉంది. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు, తప్పులు దిద్దించవచ్చు, అవసరం తీరాక చెరిపెయ్యమనవచ్చు. పిల్లల వివరాల విషయంలో బాధ్యత తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా వెళ్లవచ్చు. అరుగు మీద ట్యూషన్ నడిపేవాళ్లకు ఆ అంకె చూపించి టెన్షన్ పెట్టడం మా ఉద్దేశం కాదు. జరిమానా లేకపోయినా ఇదే మాట చెప్పేవాళ్లం.

సమ్మతి అంటే స్వేచ్ఛగా, షరతు లేకుండా, విషయం తెలిసి ఇచ్చేది అని చట్టం అంటోంది. మా దిగులంతా ఈ మాట దగ్గరే. ఉచితంగా చదువు చెప్తున్నవాళ్లను "ఇదెందుకు బాబూ?" అని అడిగే మనిషి మన ఊళ్లలో ఎంతమంది? మేలు చేస్తున్నవాళ్లను ప్రశ్నిస్తే విశ్వాసం లేదంటారేమోనన్న మొహమాటం. పిల్లవాడి పేరు కొట్టేస్తారేమోనన్న భయం. నోటీసు తెలుగులో అచ్చువేసినా ఈ మొహమాటం పోదు. అందుకే అడిగే భారం అవ్వ మీద పెట్టకూడదు. చెప్పే భారం సంస్థ మీద ఉండాలి. "ఈ రెండో పేజీ మీరు చెప్పకపోయినా పిల్లోడిని చేర్చుకుంటాం" అని నోరు తెరిచి అనాలి. అన్నాక నిజంగానే చేర్చుకోవాలి.

ఆధార్ సంగతి మరీ అన్యాయం. బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి చేయకూడదని, ఆధార్ లేదన్న కారణంతో ఏ పిల్లలకూ రావలసింది ఆపకూడదని 2018 సెప్టెంబరు 26 తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. సర్కారు బడికే అక్కర్లేనిది సాయంత్రం ట్యూషనుకు ఎందుకు? అడిగితే "ఒక్కో పిల్లవాడి పేరు రెండుసార్లు రాకుండా" అంటారు. ముప్పై మంది పిల్లల్ని గుర్తుపట్టడానికి పన్నెండు అంకెలు కావాలా? రోజూ వాళ్లకు చదువు చెప్పే అమ్మాయికి ప్రతి ఒక్కరూ ఇంటి పేరుతో సహా తెలుసు. నెల్లూరు తీరంలో రొయ్యల చెరువుల గట్ల మీద బతికే యానాది కుటుంబాల్లో ఆధార్ లేనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ గడి ఖాళీగా ఉంటే వెనక్కి పంపేది మొదట వాళ్ల పిల్లల్నే. స్కాలర్‌షిప్పు వంటి వాటికి గుర్తింపు తప్పనిసరి అయితే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ఆధార్ కాపీ దొరుకుతుంది. అది చూసి ఇచ్చేస్తే సరిపోతుంది. జిరాక్సు దాచుకోనక్కర్లేదు.

దాచుకున్న జిరాక్సులు చివరికి ఎటు పోతాయో మాకు ఒంగోలులోనే కనిపించింది. బస్టాండు దగ్గర బజ్జీల బండి మీద మా సిబ్బందిలో ఒకరికి కట్టిచ్చిన పొట్లం ఒక స్కాలర్‌షిప్పు దరఖాస్తు. ఆడపిల్ల ఫొటో, ఊరు, తండ్రి ఫోను నంబరు, కుల ధ్రువపత్రం నంబరు, మీద నూనె మరకలు. తూకానికి అమ్మిన పాత కాగితాల్లో వచ్చి ఉంటుంది. ఆ కాగితం చించి పారేశాం. మిగతా కట్ట ఏ బళ్ల మీదికి చేరిందో! కంప్యూటర్లోకి ఎక్కని కాగితానికి కొత్త చట్టం వర్తించదు. ఆ ఖాళీని సంస్థలు తమంతట తామే పూడ్చుకోవాలి. పాత ఫారాలు తూకానికి వెయ్యకండి, తగలబెట్టండి.

కాగితం కంటే ఫోను ప్రమాదం. వలంటీర్లు ఏడాదికొకరు మారుతుంటారు. పెళ్లయి వెళ్లిపోయిన అమ్మాయి ఫోనులో, బెంగళూరులో ఉద్యోగం దొరికిన అబ్బాయి ఫోనులో ముప్పై కుటుంబాల వివరాలు అలాగే ఉంటాయి. ఆ ఫోను అమ్మేస్తారు, పోగొట్టుకుంటారు. పదో తరగతి పరీక్షలు కాకముందే "మీ పాప టెన్త్ కదండీ, మా కాలేజీలో చేర్పిస్తారా" అని నెల్లూరులో, ఒంగోలులో తల్లిదండ్రులకు వరసగా ఫోన్లు ఎలా వస్తున్నాయి? ఎక్కడో ఒకచోట నంబర్లు చేతులు మారుతున్నాయి. కాలేజీ ఫోను చికాకుతో పోతుంది. "మీ బాబుకు స్కాలర్‌షిప్పు మంజూరైంది, ఓటీపీ చెప్పండి" అనే ఫోను కూలి డబ్బుల్ని పట్టుకుపోతుంది. పిల్లవాడి పేరు, బడి పేరు, తరగతి సరిగ్గా చెప్తే ఏ తల్లి అనుమానిస్తుంది? అలా మోసపోయినవారు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

ఇన్ని వివరాలు ఎందుకని సంస్థలను అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే: దాతలు అడుగుతున్నారు. అది అబద్ధం కాదు. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు వచ్చేటప్పుడు ఎంతమంది పిల్లలు, ఏ కులాలు, ఎంత పేదవాళ్లు, చదువు ఎంత మెరుగైంది అని లెక్క చూపించమంటారు. లెక్క అడగడం న్యాయమే. లెక్కకు పేర్లు అక్కర్లేదు. నలభై మంది పిల్లల్లో ఇరవై ఎనిమిది మంది ఇప్పుడు తెలుగు వాక్యం తప్పు లేకుండా చదువుతున్నారని రాస్తే చాలు. ఫలానా పాప, తండ్రి లేడు, తల్లి మిరపకాయల కోతకు వెళ్తుంది అని ఫొటోతో సహా ఎవరికో పంపనక్కర్లేదు. నెల్లూరు నుంచి, ఒంగోలు నుంచి అమెరికా వెళ్లి స్థిరపడి సొంతూరి పిల్లలకు సాయం చేస్తున్నవాళ్లు ఎందరో. వాళ్లకు మా మనవి: మీరు చదివిస్తున్న పాప కథ మీకు కావాలనిపించడం సహజమే. ఆ కథ ఆ పాపది. పెద్దయ్యాక చెప్పాలనిపిస్తే తనే చెప్తుంది.

సమ్మతి తీసుకునే పద్ధతిలో మరో చిక్కు ఉంది. తల్లిదండ్రుల సమ్మతే అని నిరూపించుకోవాలి కాబట్టి సంస్థలు తల్లి ఆధార్, తండ్రి ఆధార్ కూడా పోగేయడం మొదలుపెట్టే ప్రమాదం ఉంది. వివరాలను కాపాడడానికి వచ్చిన చట్టం పేరుతో ఇంకో కట్ట జిరాక్సులు చేరతాయి. పశ్చిమ ప్రకాశంలో వలస వెళ్లిన కుటుంబాలది ఇంకో సమస్య. పిల్లలు అవ్వ దగ్గర, అమ్మానాన్నలు హైదరాబాదులో. అవ్వ వేలిముద్ర చట్టం ప్రకారం చాలదు. వీడియో కాల్ చేసి తల్లితో మాట్లాడి, తెలుగులో చదివి వినిపించి, ఆమె సరేనన్న తేదీ రాసుకోవడం చిన్న సంస్థలకు చేతనైన పని. ఇది సరిపోతుందో లేదో కేంద్రం స్పష్టంగా చెప్పాలి. పిల్లవాడి అసలు సంరక్షణ చూస్తున్న అవ్వకూ తాతకూ చట్టంలో చోటు చూపించాలి.

చిన్న సంస్థలకు వకీలును పెట్టుకునే స్తోమతు లేదు. కావలసింది తెలుగులో ఒక పేజీ నోటీసు, పది గడులు మించని ఫారం, ఎవరు ఎక్కడ దాచాలో, ఎప్పుడు చెరపాలో రాసిన ఒక చిన్న కాగితం. విక్రమ సింహపురి, ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయాలు తలుచుకుంటే తమ విద్యార్థులతో ఒక సెలవుల్లో ఈ పని చేయించగలవు. జిల్లా విద్యాశాఖ బడి ఆవరణలో ట్యూషన్లకు అనుమతి ఇచ్చేటప్పుడు ఆ ఫారం చూడాలి. పిల్లవాడు ట్యూషన్ మానేసిన ఏడాదికి పేరు తప్ప మిగతావన్నీ చెరిపేశారా అని అడగాలి.

మా పేజీల మాట కూడా చెప్పాలి. దాతల చేతుల మీదుగా సైకిళ్లు, పుస్తకాలు పంపిణీ అన్న వార్తల్లో పిల్లల ముఖాలు, పేర్లు, 'నిరుపేద', 'అనాథ' అన్న మాటలు ఈ పత్రికలో ఏళ్ల తరబడి అచ్చయ్యాయి. రక్షణ, సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెప్తూనే ఉంది. అయినా సంస్థలు పంపిన ఫొటో పంపినట్టే వేశాం. అది మా తప్పు. వచ్చే సోమవారం నుంచి నెల్లూరు, ప్రకాశం ఎడిషన్లలో సాయం అందుకుంటున్న పిల్లల ముఖం కనిపించే ఫొటోలు, వాళ్ల పేర్లు వెయ్యం. ఇచ్చిన సైకిళ్ల ఫొటో వేస్తాం, ఎంతమందికి ఇచ్చారో రాస్తాం. పాత వార్తల్లో తమ పిల్లల ఫొటో తీసెయ్యమని ఏ తల్లి వచ్చి అడిగినా, కారణం అడగకుండా తీసేస్తాం.