చెప్పినవారి పేరు గడప దాటకూడదు

గంజాయి ఎక్కడ దొరుకుతుందో పోలీసులకన్నా ముందు ఆ గల్లీకే తెలుస్తుంది. హైదరాబాద్‌లో ఏ సందు మొదట్లోనైనా మిర్చి బండి పెట్టుకున్న మనిషిని చూడండి. చీకటి పడ్డాక ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏ బైక్ ఆగుతుందో, ఇంజన్ ఆపకుండానే పొట్లం ఎవరి చేతికి మారుతుందో, ఇంటర్ పిల్లలు ఎవరెవరు వచ్చి వెళ్తున్నారో ఆయనకు తెలుసు. మత్తుమందుల గురించి సమాచారమిచ్చే 1908 నంబరూ తెలుసు. అయినా ఫోన్ చేయడు. మర్నాడు ఎవరో పోలీసాయన బండి దగ్గరికే వచ్చి, నలుగురి ముందూ 'ఫోన్ చేసింది నువ్వేనా?' అని అడిగితే తన గతేమిటన్నదే ఆయన టెన్షన్. ఆ సాయంత్రం కూడా బండి అక్కడే పెట్టుకోవాలి కదా! దీన్ని పిరికితనం అనడం అన్యాయం.

చట్టం ఆయన పక్షానే ఉంది. సమాచారం ఎవరిచ్చారో చెప్పమని అధికారిని బలవంతపెట్టడానికి వీల్లేదని మత్తుమందులను అరికట్టే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం 68వ సెక్షన్ చెబుతోంది. తెలంగాణ పోలీసుల్లో మత్తుమందుల కేసులు చూసే యాంటీ నార్కోటిక్స్ బ్యూరోను 2025 జూన్‌లో 'ఈగల్'గా మార్చినప్పుడు, సమాచారం ఇవ్వండి, మీ పేరు గోప్యంగా ఉంచుతామని ప్రభుత్వమూ ప్రజలను కోరింది. కంట్రోల్ రూంలో ఆ గుట్టు నిలవచ్చు. అక్కడి నుంచి స్టేషన్‌కు, స్టేషన్ నుంచి బీట్ కానిస్టేబుల్‌కు వెళ్లే సమాచారంలో ఏముంటుందన్నదే అసలు సంగతి. చోటు, సమయం, బైక్ నంబరు వెళ్తే చాలు. ఫోన్ చేసినవారి నంబరు కింది స్థాయికి వెళ్లాల్సిన పనే లేదు. ఎవరైనా బయటపెడితే బదిలీతో సరిపెట్టకూడదు. కక్షతో తప్పుడు సమాచారమిచ్చి ఇళ్లు సోదా చేయించేవారికి అదే చట్టంలో రెండేళ్ల వరకు జైలుశిక్ష ఉంది, అది అవసరమే. నిజం చెప్పినవారికి రక్షణా అంతే గట్టిగా ఉండాలి.

ఫోన్ చేసిన ప్రతివారికీ ఒక టోకెన్ నంబరు ఇవ్వాలి. పేరు చెప్పకుండానే ఆ నంబరుతో తమ ఫిర్యాదు ఏమైందో తెలుసుకోగలగాలి. నెల తిరిగినా అదే బైక్ అదే చోట ఆగుతుంటే రెండోసారి ఎవరు ఫోన్ చేస్తారు?

తల్లిదండ్రుల భయం వేరు. కొడుకు బ్యాగులో పొట్లం కనబడిన తల్లికి ముందు గుర్తొచ్చేది కేసు, ఆ తర్వాత పోయే ఉద్యోగం, రాని పాస్‌పోర్టు. వాడకానికో, కొద్ది మోతాదు దొరికినందుకో కేసు పడ్డ వ్యసనపరుడు తనంతట తానే ప్రభుత్వాసుపత్రిలో లేదా గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు చేరి పూర్తి చేస్తే, ఆ కేసులో విచారణ నుంచి మినహాయింపు ఉంటుందని ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ చెబుతోంది. ఎన్ని ఇళ్లలో ఈ మాట తెలుసు? వ్యసనం మాన్పించేందుకు 14446 అనే జాతీయ హెల్ప్‌లైన్ ఉందనీ చాలామందికి తెలియదు. అమ్మేవాడి ఆచూకీ చెప్పే తల్లి తన బిడ్డను పట్టిస్తున్నానని వణికే పరిస్థితి ఉన్నంతకాలం, ఆ ఇంటి నుంచి ఫోన్ రాదు.

అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో, కాలేజీల్లో అంటించే పోస్టర్లపై 1908 పక్కనే 14446ను, 64ఏ సెక్షన్ సారాంశాన్ని తెలుగులో, ఉర్దూలో, హిందీలో అచ్చువేయాలి. ఫోన్ చేసినవారి వివరాలు స్టేషన్లకు పంపరాదని ఈగల్ లిఖితపూర్వకంగా ఆదేశాలిచ్చి, వాటిని ప్రజలకు వెల్లడించాలి. ఇందుకు కొత్త చట్టమేదీ అక్కర్లేదు. ఈ నెలలోనే చేయవచ్చు.