మా పాపకు పోతన పద్యం అర్థం కాదట

ఇప్పుడే పేరెంట్స్ మీటింగ్ నుంచి వచ్చాను. ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. ఈ కోపం ఇక్కడ కక్కేయకపోతే ఇంట్లో ఎవరో ఒకరి మీద పడతాను, అందుకే రాస్తున్నాను.

విషయం చిన్నదే. మా పాప యూకేజీ. టీచర్ మార్కుల కాగితం నా ముందు పెట్టి, "మేడం, పాప క్లాసులో ఏవో పద్యాలు చెప్తోంది, పక్క పిల్లలకు కూడా నేర్పిస్తోంది. ఇంట్లో అవి ఆపేయండి. ఈ వయసులో అర్థం కావు కదా, కన్ఫ్యూజ్ అవుతారు. ఆ టైంలో రైమ్స్ ప్రాక్టీస్ చేయించండి" అంది. ఏ పద్యమండీ అని అడిగాను. "అదే, ఏదో కరి, మకరి అని..." అంటూ నవ్వింది. ఆ నవ్వుకే నాకు ఒళ్ళు మండిపోయింది.

ఏదో కరి మకరా! మేముండేది హనుమకొండలో. పోతన ఊరు బమ్మెరకు పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావచ్చు. (ఒంటిమిట్ట వాళ్ళు పోతన మావాడంటారు. ఆ గొడవ ఇంకోరోజు పెట్టుకుందాం, ఎవరి ఊరివాడైనా తెలుగువాడే కదా.) 15వ శతాబ్దంలో ఆయన కూర్చిన పద్యం ఇన్ని వందల ఏళ్ళు దాటి వచ్చి ఐదేళ్ళ పిల్ల నోట్లో పలికితే, ఆ పిల్ల చదువుకునే బడిలోనే దానికి పేరు లేదు, "ఏదో".

అర్థం కాదట. ఆ పద్యం మా పాపకు ఎలా వచ్చిందో చెప్తాను. ఎండాకాలంలో ఒక రాత్రి కరెంటు పోయింది. పాపకు నిద్ర పట్టడం లేదు, నాకూ పట్టడం లేదు. తువ్వాలకు ఒక కొస దాని చేతికిచ్చి, రెండోది నేను పట్టుకున్నాను. నువ్వు మొసలివి, నేను ఏనుగుని అన్నాను. "కరి దిగుచు మకరి సరసికి" అనగానే అది లాగాలి. "కరి దరికిని మకరి దిగుచు" అనగానే నేను లాగాలి. మా తాత నాతో ఆడించిన ఆటే ఇది. పోతన ఆ పద్యాన్ని కట్టిందే అలాగ. ఒక పాదంలో మొసలి ఏనుగును చెరువులోకి ఈడుస్తుంది, మరుసటి పాదంలో ఏనుగు మొసలిని గట్టుకు ఈడుస్తుంది. ఆ రెండు మాటలే అటూ ఇటూ పల్టీలు కొడుతుంటే నాలుక కూడా ఆ పెనుగులాటలో చిక్కుకుంటుంది. నాలుగు సార్లు లాక్కునేసరికి పద్యం దానికి వచ్చేసింది. బట్టీ లేదు, బెత్తం లేదు.

తర్వాత వారం "సిరికిం జెప్పడు" చదివాను. ఏనుగు మొర వినగానే విష్ణువు లక్ష్మీదేవికి చెప్పడు, శంఖచక్రాలు చేతికి తీసుకోడు, పరివారాన్ని పిలవడు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయించడు, చెదిరిన జుట్టయినా సవరించుకోడు, అలాగే లేచి పరుగు. పాప కళ్ళు ఇంత చేసుకుని విని, "అమ్మా, మరి చెప్పులేసుకున్నాడా?" అంది. పద్యంలో లేదు తల్లీ అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే వేసుకోలేదు. లేటవుతుంది కదా" అంది. ఇంతకన్నా అర్థం కావడం ఏముంటుందండీ? పోతన ఎందుకు వరసబెట్టి అన్ని "డు"లు పెట్టాడో నా ఐదేళ్ళ కూతురు పట్టేసుకుంది. దానికి కన్ఫ్యూజన్ అట!

సరే, రైమ్స్ సంగతి చూద్దాం. బా బా బ్లాక్ షీప్ కొత్త పాటా? 1744 ప్రాంతంలో లండన్‌లో అచ్చయిన పిల్లల పుస్తకంలోనే ఉంది. అందులో "డేమ్" ఎవరో మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఎవరూ అడగరు, హాయిగా పాడిస్తారు. నాకు ఆ పాట మీద కోపం లేదు. వాళ్ళు తమ పాత పాటను ఇన్ని తరాలు పిల్లలకు అందిస్తూ వచ్చారు, మంచిదే. మనది మనం అందించుకుంటే తప్పేంటి? "జో అచ్యుతానంద జోజో ముకుంద" అని తెలుగు తల్లులు ఎన్ని తరాలుగా పిల్లల్ని నిద్రపుచ్చలేదు? అన్నమయ్య పాట అది. ఉయ్యాల్లో పిల్లకు అర్థమైందా అని ఎవరన్నా ఆగారా?

ఇక పిల్లల కోసమని అమ్మే బొమ్మల పుస్తకాలు. మొన్న గజేంద్రమోక్షం అని ఒకటి కొన్నాను. రంగులు బాగున్నాయి. ఒక్క పద్యం లేదు. ఏనుగు నీళ్ళు తాగింది, మొసలి పట్టుకుంది, దేవుడు వచ్చాడు, అయిపోయింది. చివర ఒక డబ్బాలో "నీతి". పాప ఒక్కసారి చూసి పక్కన పడేసింది.

అసలు నా కోపం ఈ టీచర్ మీద కాదేమో. ఆవిడకు నా వయసే ఉంటుంది. ఆవిడకు ఎవరు చెప్పారు పోతనని? నా సంగతే చూడండి. పదో తరగతి దాకా తెలుగంటే ప్రాణం. ఇంటర్లో ఎంపీసీలో చేరినరోజు, సెకండ్ లాంగ్వేజ్ తెలుగు అని నేను చెప్తున్నా వినకుండా క్లర్కే ఫారం మీద సంస్కృతం అని రాసేశాడు. "తెలుగుకి మార్కులు పడవమ్మా" అన్నాడు. పక్కనే ఉన్న మా నాన్న తలూపాడు. పరీక్షకు నెల ముందు ఎంపిక చేసిన జవాబులు బట్టీ పట్టించారు. 100కి 97 వచ్చాయి. సంస్కృతంలో ఒక్క వాక్యం సొంతంగా రాయలేను, అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. ఆ 97 కోసం రెండేళ్ళ తెలుగు పోయింది. మీలో ఎంతమంది ఇలాగే పోగొట్టుకున్నారో నాకు తెలుసు. అలా పెరిగినవాళ్ళమే ఇవాళ అమ్మానాన్నలం, టీచర్లం. పద్యం మన చేతికి వచ్చేసరికి మనకే భయం, ఆ భయాన్ని తీసుకెళ్ళి పిల్లల వయసు మీద పెడుతున్నాం. మా తాత లేకపోతే నాకూ కరి మకరి తెలిసేది కాదు. ఆయన బడికి వెళ్ళింది ఐదో తరగతి దాకానే. పొలంలో మోట తోలుతూ భాగవతం పద్యాలు పాడేవాడు.

నేను ఆపను. టీచర్‌కి కూడా అదే చెప్పి వచ్చాను, గొంతు కొంచెం పెరిగింది, పెరగనీ.

పాప తువ్వాల తెచ్చి ఒక కొస నా ఒళ్ళో వేసింది. ఈసారి మొసలి నేనట. వెళ్తున్నాను.